ఆటోపైలట్ చేతులెత్తేసినంక ఎవలు నడపాలె?

మా అక్క కొడుకు దుబాయి పోతున్నడు. వీసా వచ్చింది, టికెట్ వచ్చింది. వాడు ఇంతకుముందు ఎన్నడు విమానం ఎక్కలే. మొన్న అందరం అరుగు మీద కూసున్నప్పుడు మా అక్క అడిగింది, "గంత పైకి పోతది గదరా, భయమైతలేదా?" అని. వాడు ఫోన్‌ల నుంచి తల ఎత్తకుంటనే జవాబిచ్చిండు. "అంతా ఆటోపైలటే అమ్మా. పైకి పోయినంక కంప్యూటరే నడుపుతది. పైలట్ చాయ్ తాగుకుంట కూసుంటడు, గంతే."

మా అక్కకు నిమ్మళమైంది. నాకే కాలే.

నేను చదివింది ఇంటర్ దాకనే. విమానాల ఇంజనీర్‌ను కాదు. కని ఒకప్పుడు, సముద్రంల పడ్డ ఒక ఫ్రాన్స్ విమానం మీద దర్యాప్తు నివేదిక నెట్‌ల దొరికితే, డిక్షనరీ పక్కన పెట్టుకొని నెలల తరబడి చదివిన. అప్పటి నుంచి ఆకాశంల ఏం జరిగినా ఆ వార్త ముంగట ఆగిపోతున్న. నాకు అర్థమైనంతల, ఆటోపైలట్ గురించి మనం అనుకునేదానికి, అసలు ముచ్చటకు శానా తేడా ఉన్నది. ఆ తేడాను అడ్డం పెట్టుకొనే కొందరు పైలట్ల నిద్రను, ఆఖరికి పైలట్ల సంఖ్యను గూడ కోసేద్దామని చూస్తున్నరు. అందుకే ఇది రాస్తున్న.

ముందుగాల ఆటోపైలట్ అంటే ఏందో చెప్పుకుందాం. మన బాయికాడ మోటరుకు ఆటో స్టార్టర్ ఉంటది. కరెంటు రాంగనే మోటరు దానంతటదే ఆన్ అయితది. రాత్రిపూట లేచి పోయే పని తప్పింది, పాము భయం తప్పింది. మంచిదే. కని బోరుల నీళ్లున్నయా లేవా అన్నది దానికి తెల్వది. కరెంటు వచ్చిందా, స్విచ్ వేసిందా, అంతవరకే దాని తెలివి. నీళ్లు లేని బోరుల మోటరు ఉత్తగనే తిరిగి తిరిగి వైండింగ్ కాలిపోతే, ఆ సంగతి పొద్దుగాల పోయి చూసే రైతుకే తెలుస్తది.

ఆటోపైలట్ దానికంటే ఎన్నో వంతుల తెలివైనది, నిజమే. ఎత్తు తప్పకుంట, దిక్కు తప్పకుంట, స్పీడ్ తప్పకుంట గంటలకు గంటలు పట్టుకొని ఉంటది. అసలు 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య విమానానికి విమానానికి మీద కింద 1,000 అడుగులే ఎడం. ఆ ఎత్తుల ఎగరాలంటే ఎత్తును దానంతటదే పట్టి ఉంచే యంత్రం పనిచెయ్యాలని రూలే ఉన్నది. మనిషి చేతితోని అంత సన్నంగ గంటల తరబడి పట్టలేడు. కాబట్టి ఆటోపైలట్ వద్దని నేను అంటలేను. అది ఏ విషయంల ఆటో స్టార్టర్ అసొంటిదో చెప్తున్న. దానికి చెప్పింది తెలుసు, చెప్పనిది తెల్వది. చెప్పేవి సెన్సర్లు. అవి తప్పు చెప్తే, లేకుంటే చెప్పుడు బందు చేస్తే, అది పక్కకు జరిగి "ఇగ మీరు చూసుకోండ్రి" అంటది. ఎప్పుడంటది? ఎండ కాసి, గాలి నిమ్మళంగ ఉన్నప్పుడు అనది. మబ్బుల, వడగండ్లల, నడిరాత్రి అంటది.

2025 మే 21న జరిగిన ముచ్చట యాదికి తెచ్చుకోండ్రి. ఢిల్లీ నుంచి శ్రీనగర్ పోయే ఇండిగో విమానం. లోపల 220 మందికి పైగా ఉన్నరు. పఠాన్‌కోట్ దగ్గర 36,000 అడుగుల మీద ముంగట పెద్ద ఉరుముల మబ్బు కనవడ్డది. పైలట్లు ఎడమ దిక్కు, అంటే సరిహద్దు దిక్కు తప్పుకుంటమని అడిగిన్రు. మన వైపు నుంచి ఒప్పుకోలే. లాహోర్ వాళ్లను అడిగిన్రు, వాళ్లు గూడ కాదన్నరు. పహల్గాం దాడి తర్వాత మన విమానాలకు పాకిస్తాన్ గగనతలం బందువెట్టిన రోజులు అవి. వెనక్కి మర్లుదామంటే మబ్బు అప్పటికే దగ్గరికొచ్చింది. ఇగ అందులకెల్లే పోవుడైంది.

లోపల ఏమైందో విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏనే ప్రకటనల చెప్పింది. గాలి ఒక్కసారి మీదికి ఎత్తుడు, ఒక్కసారి కిందికి తొక్కుడు. ఆటోపైలట్ ట్రిప్ అయింది. స్పీడ్ ఎటువడితే అటు మారింది. ఒకదిక్కు "స్పీడ్ ఎక్కువైంది" అని వార్నింగ్, ఇంకోదిక్కు "స్టాల్, స్టాల్" అని వార్నింగ్. అంటే ఎక్కువైందని ఒకటి, రెక్కల మీద పట్టు పోతున్నదని ఇంకొకటి, రెండు కలిసి మొత్తుకుంటున్నయి. ఒక దశల విమానం నిమిషానికి 8,500 అడుగుల లెక్కన కిందికి జారింది. వడగండ్ల నుంచి బయట పడేదాక పైలట్లు చేతితోనే నడిపిన్రు. ముక్కు పగిలిన విమానాన్ని శ్రీనగర్‌ల దించిన్రు. ఒక్కరి పాణం పోలే.

ఆ మబ్బులకు ఎట్లా పోవాల్సొచ్చింది, ఇంకా ముందుగాలనే తప్పుకోరాదా అని ప్రశ్నలున్నయి, ఉండాలె గూడ. నేను అడిగేది ఒకటే. ఆ కొన్ని నిమిషాలు విమానాన్ని ఎవలు నడిపిన్రు? సరిహద్దు అంటే ఏందో, లాహోర్ కాదనుడు అంటే ఏందో ఆటోపైలట్‌కు తెలుస్తదా? దాని రూల్ పుస్తకంల "ఇంతకంటే ఎక్కువ ఊగితే నా వల్ల కాదు" అని రాసి ఉన్నది. అది రూల్ ప్రకారమే పోయింది.

ఇప్పుడు నేను నెలల తరబడి చదివిన ఆ ఫ్రాన్స్ విమానం. 2009 జూన్ 1. బ్రెజిల్‌ల రియో నుంచి పారిస్ పోయే ఎయిర్ ఫ్రాన్స్ 447. ఎయిర్‌బస్ ఏ330. లోపల 228 మంది. అట్లాంటిక్ సముద్రం మీద, నడిరాత్రి, 35,000 అడుగుల ఎత్తుల పోతున్నది. కెప్టెన్ రూల్ ప్రకారమే పండుకునేతందుకు వెనక్కి పోయిండు. ఇద్దరు కో పైలట్లు సీట్లల్ల ఉన్నరు.

విమానానికి బయటి దిక్కు సన్నటి గొట్టాలుంటయి. పిటాట్ గొట్టాలంటరు. ఎదురుగ వచ్చే గాలి వాటిల జొరవడితే, ఆ ఒత్తిడిని బట్టి స్పీడ్ ఎంతనో కంప్యూటర్ లెక్కగడ్తది. అసొంటివి మూడు ఉంటయి. ఎందుకు మూడంటే, పంచాయితీల ముగ్గురు సాక్షులున్నట్టు. ఒకడు తేడాగ చెప్తే మిగిలిన ఇద్దరి మాట నమ్ముతరు. ముగ్గురు మూడు తీర్ల చెప్తే? పంచాయితీ లేస్తది. ఆ రాత్రి మంచు గింజలు గొట్టాలల్ల ఇరికినయి. స్పీడ్ లెక్కలు కలవలే. ఆటోపైలట్ లేచి పోయింది. ఇంజన్ల జోరును చూసుకునే యంత్రం గూడ చేతులెత్తేసింది.

ఆ మంచు ఒక్క నిమిషం గూడ ఉండలే. గొట్టాలు మళ్ల సాఫ్ అయినయి. ఆ నిమిషం విమానాన్ని ఉన్నది ఉన్నట్టు, అదే జోరు, అదే వాలుతోని పట్టుకొని కూసుంటే అయిపోవు. అందరు పారిస్‌ల నాస్తా చేద్దురు.

అట్ల కాలే. ఉలిక్కిపడ్డ పైలట్ కర్రను వెనక్కి గుంజిండు. ముక్కు మీదికి లేచింది. విమానం దగ్గరదగ్గర 38,000 అడుగులకు ఎక్కింది. స్పీడ్ పడిపోయింది. స్టాల్ అయింది.

స్టాల్ అంటే బండి స్టాల్ అయినట్టు ఇంజన్ బందువడుడు అనుకోకండ్రి. ఆ రాత్రి ఇంజన్లు ఆఖరి దాక పనిచేసినయి. బస్సు కిటికీల నుంచి చెయ్యి బయటపెట్టి ఆడుకున్నరు గదా చిన్నప్పుడు? అరచెయ్యి జర వంచితే గాలి చెయ్యిని మీదికి లేపుతది. ఇంకింత వంచితే ఇంకింత లేపుతది. నిటారుగ నిలవెడితే? లేపుడు పోయి వెనక్కి గుంజుతది. రెక్కకు గూడ అంతే. హద్దు దాటి వంగితే గాలి దాన్ని ఇడిచిపెడ్తది. దీనికి మందు ఒక్కటే, ముక్కు కిందికి దించుడు. కింద ఉన్నప్పుడు హద్దుకు జర దూరం ఉంటది. 35,000 అడుగుల మీద గాలి నేల మీదున్న దాంట్ల మూడో వంతుకు గూడ తక్కువ. స్పీడ్ జర తగ్గినా కష్టమే, జర పెరిగినా కష్టమే. సన్నటి వొడ్డు మీద సైకిల్ తొక్కినట్టు. చేతితో నడపడానికి అన్నిటికంటే కష్టమైన జాగ అది. ఆటోపైలట్ పైలట్ చేతికి బండిని అప్పజెప్పింది గూడ ఆ జాగలనే.

నేను చదువుతుంటే నా గుండె గుబేలుమన్నది ఇంకోకాడ. స్టాల్ వార్నింగ్ ఒకసారైతే ఆగకుంట 54 సెకండ్లు మొత్తుకున్నది. తర్వాత స్పీడ్ మరీ పడిపోయేసరికి, "ఇంత తక్కువ స్పీడ్ నిజమైతదా, లెక్క తప్పై ఉంటది" అని కంప్యూటరే ఆ వార్నింగ్‌ను ఆపేసింది. పైలట్ ముక్కు జర దించితే స్పీడ్ లెక్క మళ్ల వచ్చుడు, వార్నింగ్ మళ్ల మోగుడు. మంచి పని చేస్తే మొత్తుకుంటది, చెడ్డ పని చేస్తే సప్పుడు జెయ్యకుంట ఉంటది. సీకట్ల, భయంల, ఆ మనిషి ఏమనుకోవాలె? కెప్టెన్ ఉరుక్కుంట వచ్చేసరికే నిమిషంనర దాటింది. ఏం జరిగిందో అర్థం కాలే ఆయనకు. ఆటోపైలట్ పోయిన కాడి నుంచి సముద్రంల పడేదాక 4 నిమిషాల 23 సెకండ్లు. 228 మందిల ఒక్కరు మిగల్లే.

బ్లాక్ బాక్స్‌లు దొరకనీకె రెండేండ్లు పట్టింది, దగ్గర దగ్గర 3,900 మీటర్ల లోతు నుంచి తీసిన్రు. 2012ల వచ్చిన నివేదికల ఒక మాట ఉన్నది. ఆ కో పైలట్లకు అంత ఎత్తుల చేతితోని నడుపుడు మీద, స్పీడ్ లెక్కలు తప్పినప్పుడు చెయ్యాల్సిన పని మీద ట్రైనింగ్ లేదని. ఎందుకు లేదు? ఆ ఎత్తుల ఎప్పుడు ఆటోపైలటే గదా నడిపేది! ఏ పని మిషన్ చేస్తదని అనుకున్నరో ఆ పని మనిషికి నేర్పుడు ఇడిచిపెట్టిన్రు. గొట్టాలు గడ్డకట్టుడు అదే మొదటిసారి గూడ కాదు, అంతకుముందు వేరే విమానాలల్ల అయింది. 2023 ఏప్రిల్‌ల పారిస్ కోర్టు కంపెనీలు రెండింటిని, ఎయిర్ ఫ్రాన్స్‌ను, ఎయిర్‌బస్‌ను, నిర్దోషులని ఇడిచిపెట్టింది. అప్పీలు మీద 2025ల మళ్ల విచారణ నడిచింది. సచ్చిపోయినోళ్ల ఇంటోళ్లు పదహారేండ్ల తర్వాత గూడ కోర్టు బెంచీల మీద కూసున్నరు.

ఆటోపైలట్ ఇడిచిపెట్టుడే కాదు, ఇడిచిపెట్టకుంట దాచిపెట్టుడు గూడ ఉన్నది. 1985 ఫిబ్రవరిల చైనా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 ఒకటి అమెరికా తీరం దిక్కు పోతున్నది, 41,000 అడుగుల మీద. నాలుగు ఇంజన్లల్ల ఒకటి గుంజుడు బందు చేసింది. విమానం ఒక దిక్కు మొగ్గుతుంటే ఆటోపైలట్ ఇంకో దిక్కు వంచుకుంట పాణం తోని పట్టుకున్నది. ఎంత గట్టిగ పట్టుకున్నదో పైలట్లకు తెల్వలే, వాళ్లు ఇంజన్ ముచ్చటల ఉన్నరు. కెప్టెన్ ఆటోపైలట్ తీసేసిండో లేదో, విమానం బోర్లపడి రెండున్నర నిమిషాలల్ల 30,000 అడుగులు పడ్డది. మబ్బుల కిందికి వచ్చినంక సర్దుకున్నడు. అందరు బతికిన్రు. ఆటోపైలట్ మీద అతిగ ఆధారపడ్డరని అమెరికా దర్యాప్తోళ్లు రాసిన్రు. ఇది నలభై ఏండ్ల కింది మాట, ఇప్పటి విమానాలు వేరు. పైకి నిమ్మళంగ కనవడుకుంట లోపల కష్టపడే మిషన్ సంగతి మాత్రం పాతబడలే.

కొత్తవాటికి కొత్త రోగాలొస్తున్నయి. 2025 అక్టోబర్ 30న అమెరికాల జెట్‌బ్లూ వాళ్ల ఏ320 పై ఎత్తుల నిమ్మళంగ పోతపోత ఒక్కసారి ముక్కు కిందికి వేసింది. కొందరికి దెబ్బలు తాకినయి. నెల తిరిగేసరికి ఎయిర్‌బస్ చెప్పిన మాట విని నేను చాయ్ కప్పు కింద పెట్టిన: సూర్యుని నుంచి వచ్చే గట్టి రేడియేషన్ కంప్యూటర్‌ల లెక్కలను చెడగొట్టొచ్చట! ఇది ఆటోపైలట్ తప్పు కాదు, దాని కింద రెక్కలను, తోకను కదిలించే కంప్యూటర్ ముచ్చట. ప్రపంచం మొత్తంల 6,000 దాక విమానాలకు సాఫ్ట్‌వేర్ మార్చాల్సొచ్చింది. మన దేశంల 338. మందు ఏందో తెలుసా? శానా విమానాలల్ల పాత సాఫ్ట్‌వేర్‌నే మళ్ల ఎక్కించుడు.

ఇప్పుడు డిసెంబర్ ముచ్చటకు వద్దాం. 2025 డిసెంబర్ మొదటి వారంల ఇండిగో విమానాలు వేలల్ల రద్దైనయి. శంషాబాద్‌ల జనం బ్యాగుల మీదనే పండుకున్నరు. పెండ్లిండ్లకు పోయేటోళ్లు, గల్ఫ్ డ్యూటీల చేరాల్సినోళ్లు, దవాఖానకు పోవాల్సినోళ్లు పరేషాన్ అయిన్రు. కారణం ఏందంటే పైలట్ల విశ్రాంతి రూల్స్. వారానికి 36 గంటలున్న రెస్ట్‌ను 48 గంటలు చేసిన్రు. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి 5 దాక అని ఉండె, దాన్ని 6 దాక చేసిన్రు. రాత్రి ల్యాండింగులు 6 నుంచి 2కు తగ్గించిన్రు. ఈ రూల్స్ ఆగమాగం వచ్చినయి కావు. 2024 జనవరిల ప్రకటించిన్రు. కంపెనీలు వద్దన్నయి, ఎనుకకు జరిపిన్రు. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పోతే 2025 జూలైల కొన్ని, నవంబర్‌ల మిగిలినయి అమలుకు వచ్చినయి. దగ్గర దగ్గర రెండేండ్లు టైం ఉండంగ సరిపడ పైలట్లను పెట్టుకోని కంపెనీ, ఆఖరికి విమానాలు రద్దు చేసింది. ప్రభుత్వం ఏం చేసింది? రాత్రి డ్యూటీ రూల్స్ల కొన్నిటి నుంచి 2026 ఫిబ్రవరి 10 దాక ఇండిగోకు మినహాయింపు ఇచ్చింది. విమానాల శాఖ మంత్రి మన తెలుగాయనే, శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు. ఆయన మీద ఒత్తిడి ఎంతుండెనో ఊహించుకోగలను. కని కంపెనీ తప్పుకు సగం శిక్ష పైలట్ల నిద్రకు వేసిండన్నది మాత్రం నిజం.

అప్పుడు మన పోరలు సోషల్ మీడియాల రాసినవి చదివిన. "పైలట్లకు గంత రెస్ట్ ఎందుకు, పైన ఆటోపైలటే గదా?" అని. బాధైంది. మా ఊర్ల డబుల్ డ్యూటీ చేసొచ్చిన బస్సు డ్రైవర్ల కండ్లు చూసినోణ్ని నేను. స్టీరింగ్ పట్టుకున్నోనికి కనీసం చేతుల పనన్న ఉంటది. ఏం చెయ్యకుంట కావలి ఉండుడు దానికంటే కష్టం. మక్కచేన్ల మంచె మీద కావలి పండినోళ్లను అడుగుండ్రి. తొమ్మిది రాత్రులు ఏ పంది రాదు. పదో రాత్రి కన్ను అంటుకున్నప్పుడే మంద దిగుతది. పైలట్ పని గూడ గసొంటిదే. వందల ఫ్లైట్లల్ల ఏం కాదు. ఒక్కరోజు, తెల్లారగట్ల మూడింటికి, వార్నింగులన్ని ఒక్కసారి మోగుతయి, బండి చేతికొస్తది. అప్పుడు ఆ మనిషి నిద్రల తూగుతుండొద్దు. ఆటోపైలట్ ఉన్నదని నిద్ర తక్కువ చెయ్యాలన్న లెక్క తలకిందులు లెక్క.

ఇంకో కుట్ర, సరే కుట్ర అనొద్దులే, ఇంకో ఆలోచన నడుస్తున్నది. పై ఎత్తుల పోయేటప్పుడు కాక్‌పిట్‌ల ఒక్క పైలటే ఉండి, ఇంకొకాయన పండుకోవచ్చని. అట్ల చేస్తే దూరం ఫ్లైట్లకు తక్కువ మంది పైలట్లు సరిపోతరు. కంపెనీకి జీతాలు మిగుల్తయి. యూరప్‌ల విమాన భద్రత సంస్థ దీని మీద అధ్యయనం చేయించింది. ఇప్పుడున్న ఇద్దరు పైలట్ల పద్ధతికి సమానమైన భద్రత ఇట్ల ఉంటదని చూపెట్టలేమని 2025ల తేలింది. మంచిదే, అయినా ఆ ఫైల్ మూసేసిన్రని నేను అనుకుంటలేను. పైసలు మిగిలే ఆలోచనకు సావు ఉండది. 447ల సీట్లల్ల ఇద్దరున్నరు, అయినా అట్లయింది, ఒక్కడుంటే ఏం తేడా అని అనేటోళ్లు ఉంటరు. శ్రీనగర్ విమానం ముచ్చట వాళ్లకు చెప్పుండ్రి. ఒకరు కర్ర పట్టుకుంటే ఇంకొకరు వార్నింగులు చదవాలె, రేడియోల మాట్లాడాలె, చెక్‌లిస్ట్ తియ్యాలె. ఆ నిమిషాలల్ల నాలుగు చేతులు గూడ తక్కువే.

ఇదంతా మేనల్లునికి చెప్పిన. వాడు ఫోన్ పక్కన పెట్టిండు, అదే పెద్ద సంగతి. వాని టికెట్ తీసి చూసినం. శంషాబాద్‌ల లేచే టైం తెల్లారగట్ల 4:20. "మామా, ఎక్కేటప్పుడు ఆ పైలట్లు పండుకొని వచ్చిన్రా అని అడగొచ్చునా?" అన్నడు. మా అక్క నవ్వింది. "అడగనియ్యర్రా" అన్న.

వాడు అడగలేనిది నేను అడుగుదామని సమాచార హక్కు కింద డీజీసీఏకు దరఖాస్తు రాస్తున్న. విశ్రాంతి రూల్స్ల దేని నుంచి, ఏ కంపెనీకి, ఎన్ని రోజులు మినహాయింపు ఇచ్చిన్రు? ఆ రోజులల్ల అలసట మీద పైలట్లు ఇచ్చిన ఫిర్యాదులు ఎన్ని? పై ఎత్తుల చేతితోని నడుపుడు మీద ట్రైనింగ్ ఎన్నేండ్లకోసారి ఇస్తున్నరు? ఫీజు 10 రూపాయలు. జవాబు వచ్చినంక ఈ పేజీలనే పెడ్త.